గుట్ట మీది ఎండాకాలం

ముందుమాట కోసం నా దగ్గరికి వచ్చేవి చాలావరకు కవితా సంపుటాలు, శతకాలు, రిటైరైన మిత్రుల జ్ఞాపకాలు. జువాలజీ చెప్పి బతికినవాణ్నే అయినా, గుడ్లగూబ మీద తెలుగులో రాసిన పుస్తకానికి పీఠిక రాయమని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఈ అమ్మాయి అడిగింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఒక ఎండాకాలమంతా భువనగిరిలో గది కిరాయికి తీసుకొని, చుట్టుపక్కల గుట్టల్లో ఉండే పెద్ద గుడ్లగూబ ఏం తింటున్నదో చూసింది. యూనివర్సిటీకి ఇవ్వాల్సిన రిపోర్టు ఇంగ్లీషులో ఇచ్చేసింది. అందులో పట్టని సంగతులన్నీ ఇక్కడ రాసింది. రెండూ చదివాను. నా ఓటు దీనికే.

భువనగిరి అనగానే అందరికీ కోట గుర్తొస్తుంది. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరు, ఐదు వందల అడుగులకు పైగా ఒకే రాయిగా లేచిన గుట్ట, 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ తాడు పట్టి ఎక్కడం నేర్చుకున్న బండ. ఇంతవరకు టూరిస్టు గైడే చెబుతాడు. ఆ బండల పగుళ్లలో కాపురం ఉండేవాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. 1931-32లో సలీం అలీ హైదరాబాద్ రాజ్యమంతా తిరిగి పక్షుల సర్వే చేశాడు. ఆ వివరాలు బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయ్యాయి. తర్వాత మన దగ్గర అడవి అంటే నల్లమల, జంతువు అంటే అమ్రాబాద్ పులి అన్నట్టయింది. బస్టాండుకు కనిపించే దూరంలో ఉన్న గుట్టను చూడ్డానికి వచ్చినవాళ్లు తక్కువే.

ఈ గూబ చిన్న పిట్ట కాదు. రెండడుగులకు కాస్త తక్కువ ఎత్తు, తల మీద చెవుల్లా నిక్కిన ఈకలు, నారింజ రంగు కళ్లు. గూడు కట్టదు. బండ అంచున మట్టి గీరి, అక్కడే గుడ్లు పెడుతుంది. పిల్లలు ఎగరడం రాకముందే ఆ చోటు వదిలి రాళ్ల మధ్య నడుచుకుంటూ తిరుగుతాయి. తిన్నదాంట్లో అరగని ఎముకలు, బొచ్చు కడుపులోనే ఉండకడతాయి, వాటిని నోటితో కక్కేస్తుంది. ఆ ఉండలే ఈ అమ్మాయి ఎండాకాలం సంపాదన.

నాకు అన్నిటికన్నా నచ్చిన అధ్యాయం ఈ ఉండలు విప్పడం గురించే. స్టీలు గిన్నెలో గోరువెచ్చని నీళ్లు పోసి ఉండను నానబెడుతుంది. పట్టకారుతో బొచ్చు పాయలు పాయలుగా విడదీస్తుంది. గోరంత దవడ ఎముక దొరికితే కడిగి, తెల్లకాగితం మీద ఆరబెట్టి, భూతద్దం కింద పళ్ల వరుస చూసి అది పందికొక్కుదో పొలం ఎలుకదో తేలుస్తుంది. గది కిరాయికిచ్చిన ఇంటామె పక్కన నిలబడి ఇదంతా చూసి, "గా గిన్నె మళ్ల నాకియ్యకు బిడ్డా, నువ్వే ఉంచుకో" అంటుంది. ప్రయోగశాల పద్ధతిని ఇంత తేటగా చెప్పిన పేజీలు మా పాఠ్యపుస్తకాల్లో నేను చూడలేదు.

దొరికిన దవడల్లో ఎలుకలు, పందికొక్కులవే ఎక్కువ. ఇది వింతేమీ కాదు. పుణే వైపు సతీశ్ పాండే, నీలేశ్ దహనూకర్ ఇదే గూబ ఆహారం మీద, దానివల్ల సేద్యానికి కలిగే మేలు మీద 2011లోనే వ్యాసం రాశారు. కానీ బోరు కింద రెండెకరాల వరి వేసుకున్న మన రైతుకు ఆ కబురు చేరాలంటే, అతని గట్టు పక్క బండ మీద దొరికిన ఉండ విప్పి అతని ముందే చూపాలి. ఈమె చూపింది. ఎలుకమందు తిని తూలే ఎలుకను పట్టిన గూబకూ ఆ విషం ఎక్కుతుందని అక్కడే చెప్పింది. రైతు ఒప్పుకున్నాడని రాయలేదు. విని బీడీ ముట్టించుకున్నాడని రాసింది. ఆ నిజాయితీ నాకు నచ్చింది.

మొదట్లో ఆమెకు గూబ జాడే దొరకలేదు. తెల్లవారకముందే పోయి, ఎండ ముదిరేదాకా వెతికి, ఉత్త చేతులతో తిరిగొచ్చిన రోజుల గురించి కూడా దాచకుండా రాసింది. చివరికి దారి చూపింది ఒక గౌండ్లాయన. మోకు భుజాన వేసుకొని పోతూ, "దాని కోసం పైకి సూస్తవేంది? కింద సూడు. బండకు సున్నం కొట్టినట్టు తెల్లగ రెట్టుంటది" అన్నాడట. పొద్దు పొడవకముందే తాటిచెట్టు మీద ఉండే మనిషికి గుట్ట మీద ఎవరు ఎప్పుడు ఇల్లు చేరతారో తెలియకుండా ఎలా ఉంటుంది? అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు అనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిందంటే, ముందు దాన్ని రాత్రిపూట చేత పట్టింది ఐతన్న అనే స్థానికుడే. పరిశోధన వ్యాసాల్లో ఇలాంటివాళ్లు చివరి పేజీ కృతజ్ఞతల్లో ఒక వరుసలో సరిపెట్టుకోవాలి. ఇక్కడ గౌండ్లాయనకు ఒక అధ్యాయం ఉంది, అందులో లొట్టి కల్లు ధర మీద వాదన కూడా ఉంది.

ఇక పుష్‌పుల్ రైలు, రోళ్లు పగిలే ఎండలో కరెంటు పోయిన మధ్యాహ్నాలు, అద్దె గదిలో అంబలి, ముంజల కాలం. ఇవన్నీ సరదాగా సాగిపోతాయి, పాఠకులే చదువుకుంటారు. ఆడపిల్ల మాపటేళ గుట్ట మీద ఒంటరిగా ఏం చేస్తున్నదన్న ప్రశ్న ఊరంతా అడిగింది. దానికి ఆమె ఉపన్యాసం ఇవ్వలేదు, బైనాక్యులర్స్ చేతికిచ్చింది. గూబ కూస్తే చావు కబురన్న నమ్మకాన్ని కూడా వెక్కిరించలేదు. వరుసగా చాలా రాత్రులు కూత విని, మరునాడు ఇంటామెతో కలిసి చాయ్ తాగింది. అంతే. గుడ్లగూబను పట్టడం, అమ్మడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే. అయినా దీపావళి దగ్గరపడితే క్షుద్రపూజల కోసం వెతికేవాళ్లు వెతుకుతూనే ఉంటారు. అందుకే పుస్తకంలో ఎక్కడా గూబలున్న గుట్టల పేర్లు లేవు. చదివేవాళ్లకు ఇది లోటుగా తోచవచ్చు. నేనైతే ఇది ఈమె చేసిన మంచి పనుల్లో ఒకటంటాను.

తగువు ఒకటుంది. క్వారీల గురించి రెండు పేజీలతో సరిపెట్టింది. పని ఆగిపోయిన క్వారీ గోడల్లో గూబ హాయిగా ఉంటుంది. పేలుళ్లు నడిచేచోట ఉండలేదు. అంటే రాయి కొట్టడం ఒక్కటే సమస్య కాదు, ఎప్పుడు, ఎక్కడ కొడుతున్నామన్నదీ చూడాలి. ఈ మాట ఈమెకు తెలుసు, రాసిన రెండు పేజీల్లోనే తెలుస్తున్నది. మొహమాటపడి ఆగిందనుకుంటాను. రెండో ముద్రణలో ఆగకూడదు. అనుబంధంలో ఎలుకల పేర్లన్నీ లాటిన్‌లోనే ఉన్నాయి, రైతులు పిలిచే పేర్లు కూడా పక్కన చేర్చాలి.

ఈ పుస్తకం యాదాద్రి భువనగిరి, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల ప్రతి జూనియర్ కాలేజీ లైబ్రరీలో ఉండాలి. బైపీసీ చెప్పే మిత్రులు ఒక్క పీరియడ్ తీసి, ఉండ విప్పే అధ్యాయం క్లాసులో చదివించండి. గూబ గుడ్లు పెట్టేది ఎక్కువగా చలికాలంలో. ఆ కాలం సంగతులు ఇందులో లేవు. మళ్లీ ఆ గదే కిరాయికి తీసుకొని, అవి కూడా రాయమని రచయిత్రిని అడుగుతున్నాను.