స్వల్పకాలిక విదేశీ ఫెలోషిప్‌లు - తెలుగు సాహిత్య పరిశోధన: బనగానపల్లె కాలజ్ఞాన సంప్రదాయం ఆధారంగా ఒక విమర్శ

వ్యాససంగ్రహం:
విశ్వవిద్యాలయ అధ్యాపకులు కొద్ది వారాలో నెలలో విదేశీ విద్యాసంస్థలో గడిపేందుకు లభించే ఫెలోషిప్ నేడు పరిశోధకుని స్థాయికి ప్రమాణంగా చెలామణి అవుతోంది. ఆ ప్రమాణం తెలుగు పరిశోధనకు ఎంతవరకు ఉపకరిస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో బనగానపల్లె ప్రాంతపు కాలజ్ఞాన సంప్రదాయం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కీలక పదాలు: ఫెలోషిప్, కాలజ్ఞానం, బనగానపల్లె, బ్రౌన్, భద్రిరాజు కృష్ణమూర్తి, క్షేత్రపర్యటన, పరిశోధన మూల్యాంకనం.

1. ఉపోద్ఘాతం:
భారత, అమెరికా ప్రభుత్వాల మధ్య 1950 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో మన దేశంలో ఫుల్‌బ్రైట్ కార్యక్రమం మొదలైంది. 2008లో భారత ప్రభుత్వం వ్యయంలో భాగస్వామి కావడంతో అది ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్‌గా మారింది. అధ్యాపకులకు ఉద్దేశించిన విభాగంలో నాలుగు నుంచి తొమ్మిది నెలల వరకు అమెరికాలో బోధన, పరిశోధన చేయవచ్చు. కెనడాతో విద్యాసంబంధాల కోసం 1968లో శాస్త్రి ఇండో-కెనడియన్ ఇన్‌స్టిట్యూట్, బ్రిటన్ ప్రయాణాల కోసం 1981లో చార్లెస్ వాలెస్ ఇండియా ట్రస్ట్ ఏర్పడ్డాయి. ఇవన్నీ మేలు చేసిన వ్యవస్థలే. అయితే వీటి ద్వారా వెళ్లివచ్చినవారిని అభినందించడం దగ్గరే మన చర్చ ఆగిపోతోంది. వారి రాకతో తెలుగు పరిశోధనకు ఏమి చేరిందన్న ప్రశ్న వేయడం లేదు.

2. కొలమానంలోని లోపం:
ఈ మౌనానికి ఒక కారణం మూల్యాంకన పద్ధతిలోనే ఉంది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018 నియమావళిలోని పరిశోధన పట్టిక ప్రకారం అంతర్జాతీయ పురస్కారానికి గాని ఫెలోషిప్‌కు గాని 7 మార్కులు, జాతీయ స్థాయిదానికి 5 మార్కులు. విదేశంలో చేసిన ప్రసంగానికి 7 మార్కులు, రాష్ట్ర లేదా విశ్వవిద్యాలయ స్థాయి ప్రసంగానికి 2 మార్కులు. ఒక గ్రంథాన్ని పూర్తిగా అనువదించినవారికి లభించేది 8 మార్కులు. ప్రసంగాల మార్కులకు గరిష్ఠ పరిమితి ఉన్నమాట నిజమే. అయినా ఈ అంకెలు చెబుతున్నది స్పష్టం. వీరబ్రహ్మేంద్రస్వామి తత్త్వాలపై నంద్యాలలో చేసిన ప్రసంగం కంటే అదే ప్రసంగం విదేశంలో చేస్తే విలువ మూడు రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ తత్త్వాలను విని, పాడి, తప్పొప్పులు చెప్పగల శ్రోతలు ఉన్నది మాత్రం నంద్యాలలోనే. మూడు వారాల ఫెలోషిప్‌కు, తొమ్మిది నెలల ఫెలోషిప్‌కు పట్టికలో భేదం లేదు. తిరిగివచ్చాక తెలుగులో ఒక్క వ్యాసమైనా రాశారా అన్న ప్రశ్నకు అందులో గడి లేదు.

3. ఆకరం ఎక్కడ ఉంది?
పూర్వం సంస్థాన కేంద్రమై, 2022 నుంచి నంద్యాల జిల్లాలో భాగమైన బనగానపల్లె కాలజ్ఞాన సంప్రదాయంలో కీలక స్థలం. వీరబ్రహ్మం ఇక్కడ గరిమిరెడ్డి అచ్చమ్మ ఇంట పశువుల కాపరిగా ఉంటూ రవ్వలకొండ గుహలో కాలజ్ఞానం రాశాడని, యాగంటిలో అచ్చమ్మకు దానిని ఉపదేశించాడని, కొన్ని తాటాకులను పాతిపెట్టి దానిపై చింతచెట్టు నాటాడని ఐతిహ్యం. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో ఆయన సమాధి ఉంది. శిష్యుడైన దూదేకుల సిద్ధయ్య పేరు తత్త్వాలతో పాటే నిలిచింది.

ఇలాంటి సంప్రదాయానికి ఆకరం ఒకచోట ఉండదు. మఠాలలోని ప్రతులు, ప్రాచ్యలిఖిత గ్రంథాలయాల తాళపత్రాలు, జాతరలలో అమ్మే చిన్న పుస్తకాలు, భజన బృందాల నోటి పాఠం ఇవన్నీ కలిస్తేనే కాలజ్ఞానం. అచ్చు పుస్తకాలలో ఒకదాని పాఠం మరొకదానితో కలవదు. కొత్త సంఘటన జరిగినప్పుడల్లా దానికి తగిన జోస్యం ‘పాత’ పాఠంలో కనిపించడం ఈ వాఙ్మయ లక్షణం. ఆ చేర్పు ఎప్పుడు, ఎవరి నోట జరిగిందో తెలియాలంటే పాడేవారి మధ్య ఏళ్ల తరబడి తిరగాలి.

ఇదే అంశం ఫెలోషిప్ దరఖాస్తుగా మారేటప్పుడు దాని రూపం మారుతుంది. ఆతిథ్యమిచ్చే విభాగానికి అర్థం కావాలి కనుక కాలజ్ఞానం ‘ప్రపంచ జోస్య సాహిత్యం’లో ఒక ఉదాహరణగా కుదించుకుపోతుంది. పాఠపరిష్కరణ, పాఠాంతరాల సేకరణ వంటి నిదానమైన పనులకు మూడు నెలల ప్రణాళికలో చోటు దొరకదు. ప్రశ్నకు తగిన ప్రయాణం వెతకవలసినచోట ప్రయాణానికి తగిన ప్రశ్నను తయారుచేస్తున్నాం. అసలు నష్టం ఇక్కడే జరుగుతోంది.

4. మూడు పూర్వోదాహరణలు:
దూరదేశ సంబంధం తెలుగుకు మేలు చేసిన సందర్భాలు లేకపోలేదు. 1820లో కడపకు ఉద్యోగిగా వచ్చిన సి.పి. బ్రౌన్ అక్కడ పండితులను జీతమిచ్చి నియమించి, ప్రతులు సేకరించి, పాఠాలు సరిచూపించాడు. 1829లో వేమన పద్యాలు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. ఆ రెండింటి మధ్య 23 ఏళ్లున్నాయి. జూలూరి అప్పయ్య, అద్వైత బ్రహ్మయ్య వంటి పండితుల శ్రమ వెనుక ఉన్నా కీర్తి బ్రౌన్‌దే అయింది. ఆ అసమానతను మరువకూడదు. అయితే దీర్ఘకాలం, స్థానిక విద్వాంసుల సహకారం లేకుండా ఆ పని జరిగేది కాదన్నది కూడా అంతే నిజం.

భద్రిరాజు కృష్ణమూర్తి 1957లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. ‘తెలుగు వెర్బల్ బేసెస్’ 1961లో వెలువడింది. ఆ మరుసటి ఏడాదే, 1962లో, ఆయన సంపాదకత్వంలో వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వచ్చింది. బయట నేర్చిన భాషాశాస్త్ర పద్ధతి రైతు నోటిమాటను సేకరించడానికి పనికొచ్చింది. విదేశీ విద్యకు ఇంతకంటే మంచి సాఫల్యం ఉండదు.

మూడవది ఎదురు ప్రయాణం. జీన్ రోగేర్ పల్నాటి వీరుల కథను గాయకుడు అలిసెట్టి గాలెయ్య నోట రికార్డు చేసి, అనువదించి, అధ్యయనంతో కలిపి 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రకటించాడు. ఒక ఇంగ్లీషు పరిశోధన గ్రంథం ఒక గాయకుని కథనంపైనే నిలబడింది. ఆ గాయకుని పేరు పాఠకునికి తెలిసింది.

ఈ మూడింటిలోనూ దేశాంతర సంబంధం ఫలించింది. ఏ ఒక్కటీ కొద్ది వారాల పని కాదు.

5. ఒక అభ్యంతరం:
స్వల్పకాలిక ప్రయాణాలు వృథా అని ఈ వాదనకు అర్థం కాదు. బ్రిటిష్ లైబ్రరీలోని తొలి తెలుగు ముద్రణలను స్వయంగా చూడాలంటే వెళ్లవలసిందే. 1962 నుంచి పి.ఎల్. 480 పథకం కింద తెలుగు పుస్తకాలు అమెరికా గ్రంథాలయాలకు చేరాయి. ఆ నిల్వలూ పరిశీలింపదగినవే. వారానికి పదహారు గంటల బోధన, పరీక్షల విధులు, ప్రవేశాల ప్రచారం మధ్య నలిగే అధ్యాపకునికి మూడు నెలల నిశ్శబ్దం దొరకడం తేలిక విషయం కాదు. అయితే ఆ నిశ్శబ్దం విదేశంలోనే ఎందుకు దొరకాలి? కడపలో బ్రౌన్ నివసించిన చోట జానమద్ది హనుమచ్ఛాస్త్రి కృషితో వెలసిన గ్రంథాలయం నేడు భాషా పరిశోధన కేంద్రంగా ఉంది. అక్కడ మూడు నెలలు కూర్చునేందుకు సెలవు, భత్యం, 7 మార్కులు ఎందుకు ఇవ్వకూడదు?

మరోవైపు, బ్రౌన్ నిఘంటువు షికాగో విశ్వవిద్యాలయ వెబ్‌సైటు ద్వారా విద్యార్థి ఫోనులోనే తెరుచుకుంటోంది. బ్రిటిష్ లైబ్రరీ 2004లో ప్రారంభించిన ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ మూలప్రతులను వాటి దేశంలోనే ఉంచి, డిజిటల్ ప్రతులు తీయడానికి నిధులిస్తోంది. మనిషి ప్రతి దగ్గరకు వెళ్లాలన్న నియమం ఇలా సడలినప్పుడు, ప్రయాణ ఆవశ్యకతను ప్రతిసారీ నిరూపించవలసి ఉంటుంది.

6. ముగింపు:
పై పరిశీలన నుంచి మూడు సూచనలు చేయవచ్చు. మొదటిది, విదేశీ ఫెలోషిప్‌కు మార్కులు ఎంపికైనందుకు కాక, తిరిగివచ్చాక తెలుగులో ప్రచురించిన ఫలితానికి ఇవ్వాలి. రెండవది, అక్కడ సేకరించిన డిజిటల్ ప్రతులలో అనుమతి ఉన్నవాటిని సొంత ప్రాంత గ్రంథాలయానికి అందజేయడం షరతు కావాలి. మూడవది, ఆతిథ్య విశ్వవిద్యాలయ ఆచార్యుడు కూడా అన్నే వారాలు ఇక్కడికి వచ్చి క్షేత్రంలో పనిచేసే ఏర్పాటుండాలి. అప్పుడు తత్త్వాలు పాడేవారికి సహపరిశోధకులుగా గౌరవం, పారితోషికం దక్కాలి.

కాలజ్ఞానం పాడే తరం వయసు మీరుతోంది. విదేశీ గ్రంథాలయంలోని పుస్తకం పదేళ్ల తర్వాత కూడా అక్కడే ఉంటుంది. బనగానపల్లె భజనమందిరంలోని పాఠం ఉంటుందన్న హామీ లేదు. ఏది ముందు వినాలో నిర్ణయించుకునే స్వేచ్ఛను మార్కుల పట్టికకు వదిలివేయడం తెలుగు పరిశోధనకు తగదు.