కోర్ పాఠకుడు

గోర్ బోలిలో రెండు మాటలున్నాయి. గోర్, కోర్. గోర్ అంటే లంబాడా మనిషి, తమ మనిషి. కోర్ అంటే తాండా బయటి మనిషి. తాండా జీవితం మీద తెలుగులో వచ్చిన కథల్నీ కవిత్వాన్నీ చదివి, మెచ్చుకుని, సమీక్షలు రాసి, అవార్డు వస్తే స్టేటస్ పెట్టుకునే మనలో చాలామందిమి కోర్ పాఠకులమే. అందులో తప్పేం లేదు. కాకపోతే మనం కోర్ అన్న సంగతి మన విమర్శలో ఎక్కడా కనపడదు. అదే ఇబ్బంది.

రమేశ్ కార్తీక్ నాయక్ కథల పుస్తకం 'ఢావ్లో' 2021లో వచ్చింది. 2024లో దానికి కేంద్ర సాహిత్య అకాడెమీ యువ పురస్కారం వచ్చింది. ఢావ్లో అంటే పెళ్లయి వెళ్లిపోయే పిల్ల తనవాళ్లను పట్టుకుని ఏడుస్తూ పాడే పాట. ఆ పేరు ఒకసారి పైకి అనండి. మనలో ఎక్కువమంది 'డావ్లో' అంటాం. మాట్లాడే తెలుగులో ఒత్తక్షరాలు నోట్లోనే కరిగిపోతాయి. ధనాన్ని దనం అంటాం, భయాన్ని బయం అంటాం, ఎవరికీ ఏమీ అనిపించదు. గోర్ బోలిలో అట్లా కాదు, ఒత్తు ఉందా లేదా అన్నదాన్ని బట్టి మాటే మారొచ్చు. అంటే పుస్తకం అట్ట దగ్గరే మనం తడబడ్డాం.

అంతకుముందు 2018లో వచ్చిన ఆయన కవిత్వం పేరు 'బల్దేర్ బండి'. ఎద్దుబండి అని అర్థం. బండి మనకు తెలిసిన మాటే. బల్దేర్ అంటే ఎద్దుది. ఆ చివరి 'ఏర్' షష్ఠీ విభక్తి పని చేస్తున్నది. అట్ట మీదే ఇంత వ్యాకరణం ఉన్నది. మామూలుగా మన సమీక్షలు దీని మీద ఆగవు. 'మట్టి వాసన', 'అస్తిత్వ వేదన', 'స్వచ్ఛమైన గొంతు' అనుకుంటూ ముందుకు పోతాయి. ఆ గొంతు ఏ భాషలో ఏడ్చిందో, తెలుగులోకి వచ్చేటప్పుడు ఏం వదిలేసుకుందో మనం చెప్పలేం. ఎందుకంటే మనకు వినపడలేదు.

నాది పానగల్. నల్లగొండ టౌన్‌ను ఆనుకుని ఉన్న ఊరు. ఒకప్పుడు కందూరు చోడుల రాజధాని. ఛాయా సోమేశ్వరం, పచ్చల సోమేశ్వరం, ఉదయసముద్రం చెరువు, పచ్చల గుడి ఆవరణలోనే మ్యూజియం. అక్కడి శాసనాలు చదవడానికి ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తరు. పాత లిపి నేర్చుకుంటరు, అచ్చు తీసుకుంటరు, ఒక్క అక్షరం మీద వాదించుకుంటరు. అట్లనే ఉండాలి కూడా. అదే నల్లగొండ బస్టాండులో దేవరకొండ బస్సు ఎక్కితే మన పక్క సీట్లో కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లు గంటసేపు మాట్లాడుకుంటరు. మనకు ఒక్క ముక్క అర్థం కాదు. అర్థం కావాలన్న ఆలోచన కూడా రాదు. దేవరకొండ అసెంబ్లీ సీటు ఎస్టీలకు రిజర్వు అయిన నియోజకవర్గం. డిండి, చందంపేట దారుల్లో తాండా తర్వాత తాండా వస్తుంటది. తొమ్మిది వందల ఏళ్ల నాటి రాయి మీది భాషకు నిపుణులున్నరు. పక్క సీట్లో భాష నేర్పే క్లాసు ఒక్కటి నాకు జిల్లాలో ఎక్కడా కనపడలేదు.

నల్లగొండకు 2007లో మహాత్మాగాంధీ యూనివర్సిటీ వచ్చింది. ఇది ఆ ఒక్క యూనివర్సిటీ మీద ఫిర్యాదు కాదు, మన చదువుల పద్ధతే అంత. తెలుగు శాఖల్లో 'బంజారా సాహిత్యం' ఒక పరిశోధనాంశం. దాని మీద పీహెచ్‌డీలు వస్తయి. ఉద్యమం, అస్తిత్వం, స్త్రీల వస్త్రధారణ, తీజ్ పండుగ, అన్నీ అధ్యాయాలైతయి. ఆ భాష మాత్రం సబ్జెక్టు కాదు. దాన్ని మన చదువు ఒక వస్తువుగా చూస్తుంది, నేర్చుకునే విద్యగా చూడదు. ఇంకోవైపు ఇంటర్‌లో సెకండ్ లాంగ్వేజ్ అనగానే సగం క్లాసు సంస్కృతం తీసుకుంటది. మార్కులు బాగా పడతయి కాబట్టి. రెండేళ్ల తర్వాత ఆ భాషలో ఒక వాక్యం చెప్పగలిగినవాళ్లు నాకు తగల్లేదు. భాషను కాలేజీలో పెట్టడం మనకు చేతకాదని కాదు, ఎందుకు పెడుతున్నామో మరిచిపోయాం.

2011 జనగణన ప్రకారం లంబాడీని మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దేశంలో 32 లక్షలకు పైనే. కానీ ఆ లెక్కల్లో లంబాడీకి సొంత వరస లేదు, హిందీ కింద కలిపేశారు. దేవరకొండ దగ్గరి ముసలమ్మ మాట్లాడేది ప్రభుత్వ కాగితంలో హిందీ అయింది. ఎనిమిదో షెడ్యూల్‌లో ఈ భాష లేదు. స్థిరపడిన లిపి లేదు. తెలంగాణలో తెలుగు అక్షరాల్లో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడ అక్షరాల్లో రాస్తరు. ఒకే పాట మూడు రాష్ట్రాల్లో అచ్చయితే ఒక రాష్ట్రం గోర్ ఇంకో రాష్ట్రం గోర్‌ది చదవలేడు, విని మాత్రం గుర్తుపడతాడు. మాట్లాడేవాళ్లు లక్షల్లో ఉన్న భాషకు చదువరులు లేకుండా పోయారు.

ఇక్కడ ఒక దూరపు ఊరి సంగతి చెప్పాలి. అలాస్కాలో జూనో అనే పట్టణం ఉంది. అక్కడి అలాస్కా సౌత్ఈస్ట్ యూనివర్సిటీలో ట్లింగిట్, హైదా, సిమ్షియన్ భాషలు నేర్పిస్తారు. ఆ నేల మీద ఇంగ్లీషు రాకముందు నుంచీ ఉన్న భాషలు అవి. తరాల తరబడి స్కూళ్లలో ఆ భాషలు మాట్లాడినందుకు పిల్లల్ని కొట్టారు, నోళ్లు కట్టేశారు. పుట్టుకతో మాట్లాడే పెద్దలు ఇప్పుడు చాలా కొద్దిమందే మిగిలారు. 2014లో అలాస్కా రాష్ట్రం ఇరవై ఆదివాసీ భాషల్ని ఇంగ్లీషు పక్కన అధికార భాషలుగా గుర్తించింది. ఆ యూనివర్సిటీలో క్రెడిట్లు అక్కర్లేనివాళ్లు ఫీజు లేకుండా కూర్చుని నేర్చుకునే వీలు కూడా పెట్టారు. ఆ క్లాసులో ట్లింగిట్ కుటుంబాల పిల్లలుంటారు, బయటివాళ్లూ ఉంటారు. తాత మాట్లాడిన భాష తనకు రాని పిల్లవాడికీ, ఎక్కడినుంచో వచ్చినవాడికీ మొదటి రోజు పాఠం ఒకటే.

మన పరిస్థితి అంత చెడ్డగా లేదు. 32 లక్షలు ఎక్కడ, ఆ కొద్దిమంది ఎక్కడ. కానీ విమర్శకుడిగా నాకు పనికొచ్చేది ఆ అంకె కాదు, వాళ్ల సాహిత్యం ఎట్లా చదవబడిందన్న కథ. అందులో రెండు దారులు కనపడతాయి.

ఒకటి నోరా, రిచర్డ్ డావెన్‌హవర్‌ల దారి. నోరా మాతృభాష ట్లింగిట్, స్వయంగా కవి. భర్త రిచర్డ్ న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన తెల్లవాడు, ఆయనా కవి, అనువాదకుడు. వాళ్లిద్దరూ 1976లో 'బిగినింగ్ ట్లింగిట్' అని కొత్తగా నేర్చుకునేవాళ్లకు పాఠ్యపుస్తకం రాశారు. 1987లో 'హా షుకా' అని పెద్దలు చెప్పిన కథల్ని ఎడమ పేజీలో ట్లింగిట్, కుడి పేజీలో ఇంగ్లీషు పెట్టి, వివరమైన నోట్సుతో అచ్చు వేశారు. ముందు వాచకం, తర్వాత విమర్శ. ఈ వరస నాకు చాలా నచ్చింది. చదివేవాడిని తయారుచేసి, ఆ తర్వాత పుస్తకం చేతిలో పెట్టారు.

రెండోది రాబర్ట్ బ్రింగ్‌హర్స్ట్ దారి. ఆయన కెనడా కవి. 1900, 1901ల్లో జాన్ స్వాంటన్ అనే పరిశోధకుడు హైదా కథకుల నోటి నుంచి రాసుకున్న పాఠాల్ని పట్టుకుని, ఆ కాగితాల మీదే భాష నేర్చుకుని, 1999లో పెద్ద పుస్తకం తెచ్చాడు. స్కాయ్, గాండ్ల్ అనే ఇద్దరు కథకుల్ని జానపద సమాచారం చెప్పినవాళ్లుగా కాకుండా పేరున్న కవులుగా ప్రపంచం ముందు నిలబెట్టాడు. గొప్ప పనే. కానీ హైదా వాళ్లలో కొందరు గట్టిగా అభ్యంతరం చెప్పారు. మమ్మల్ని అడిగావా, మాతో కూర్చున్నావా అని. భాష నేర్చుకున్నంత మాత్రాన అనుమతి దొరకదు. మనలో భాష నేర్చుకోకుండానే అనుమతి ఉందనుకునేవాళ్లకు ఈ గొడవ ఇంకా ఎక్కువ తగులుతుంది.

ఇదంతా అమెరికా సరుకు అని తోసేయక్కర్లేదు. మనకు గిడుగు ఉన్నాడు. ఆగస్టు 29 రాగానే వాడుక భాష కోసం పోరాడిన పెద్దాయనగా గిడుగు రామమూర్తికి దండలేస్తాం. ఆయన పర్లాకిమిడిలో సవరల భాష నేర్చుకున్నాడు, వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలో చదువు చెప్పించాడు, 1931లో సవర భాషకు మాన్యువల్, 1938లో సవర ఇంగ్లీషు నిఘంటువు తెచ్చాడు. గ్రాంథికం మీద ఆయన యుద్ధం మొదలయ్యేనాటికే సవర భాషతో కొన్నేళ్ల సావాసం ఉంది. రాత లేని భాషను నోటి నుంచి నేర్చుకున్న మనిషికి భాష పుస్తకంలో కాదు నోట్లో ఉంటుందని ఎవరూ చెప్పక్కర్లేదు అని నా అభిప్రాయం. మనం ఆయన దగ్గర వాడుక తెలుగు తీసుకున్నాం, సవర వదిలేశాం. భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో కొండ భాషకు వ్యాకరణం రాశాడు. ఆయన్నీ తెలుగు పండితుడిగానే ఎక్కువ గుర్తుపెట్టుకున్నాం. పక్కవాళ్ల భాష నేర్చుకోవడం మన సంప్రదాయంలో లేనిదేం కాదు, మధ్యలో పోయింది.

ఇప్పుడు నా వృత్తి గురించి. సాఫ్ట్‌వేర్ వాళ్లం ఇట్లాంటి మాట రాగానే యూనికోడ్, కీబోర్డ్, యాప్, ఏఐ అంటాం. గోండి సంగతి చూడండి. 2017లో మసరాం గోండికి, 2018లో ఆదిలాబాద్ జిల్లా గుంజాల ఊళ్లో దొరికిన రాతప్రతుల గోండి లిపికి యూనికోడ్‌లో చోటు దొరికింది. నిజంగా సంతోషించాల్సిన విషయం. అయితే ఫోన్లో అక్షరం కనపడడం వేరు, ఆ అక్షరంలో ఒకరికి ఒకరు ఉత్తరం రాయడం వేరు. మాట విని రాసే మోడల్ తయారుచేయాలంటే గంటల కొద్దీ రికార్డింగులు కావాలి. ప్రతి రికార్డింగ్ పక్కన ఎవరో ఒకరు కూర్చుని, విన్నది విన్నట్టు, ఒకే పద్ధతిలో రాయాలి. ఢ దగ్గర డ రాస్తే మిషన్ కూడా మనలాగే డావ్లో అంటది. అట్లా రాయగలిగినవాళ్లు ఎక్కడినుంచి వస్తరు? క్లాసు నుంచే. టెక్నాలజీ ఆ క్లాసు తర్వాతి మెట్టు, దాని బదులు కాదు.

క్లాసు పెట్టడానికి సరంజామా లేదనడం కుదరదు. రొనాల్డ్ ట్రెయిల్ రాసిన లమానీ వ్యాకరణం 1970లోనే అమెరికాలోని ఓక్లహోమాలో అచ్చయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మాతృభాషలో బడి అని ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక వాచకాలు తయారుచేశారు. గోండి, కోయ, కొలామి, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియాలతో పాటు లంబాడీ కూడా అందులో ఉంది. చిన్నపిల్లల బడి కోసం మొదలైన ఆలోచన డిగ్రీ కాలేజీ మెట్లెక్కలేదు. 2023లో ములుగుకు సమ్మక్క సారక్క పేరుతో కేంద్ర గిరిజన యూనివర్సిటీ చట్టం అయింది. అక్కడైనా కోయ, గోర్ బోలి తరగతి గదిలోకి వస్తాయా అన్నది మన తెలుగు పాఠకులు కూడా అడగాల్సిన ప్రశ్న.

అభ్యంతరాలు నాకు తెలుసు. ఉద్యోగం వస్తదా అంటరు. దేవరకొండ వైపు పోస్టింగ్ వచ్చిన టీచరుకూ, నర్సుకూ, బ్యాంకు మేనేజరుకూ వాళ్ల ఎదుట నిలబడ్డ మనిషి మాట అర్థమైతే అదే ఉద్యోగం. లంబాడీకి ఇస్తే మిగతావాళ్ల సంగతేంటి అంటరు. ఆదిలాబాద్‌లో గోండులకూ లంబాడాలకూ మధ్య ఎస్టీ హోదా మీద 2017లో ఎంత గొడవైందో చూశాం. అందుకే ప్రతి జిల్లాకూ ఒకే భాష అనకూడదు. ఆదిలాబాద్‌లో గోండి, కొలామి, భద్రాచలం వైపు కోయ, నల్లగొండలో గోర్ బోలి. ఒక సెమిస్టర్, ఒక ఎలెక్టివ్, ఇరవై మంది. నేర్పేది పీహెచ్‌డీ ఉన్నాయన ఒక్కడే కాకూడదు, పక్కన తాండా నుంచి ఒక పెద్దమనిషి జీతం తీసుకుని కూర్చోవాలి. ఆమె ఉచ్చారణే పరీక్ష.

అన్నిటికంటే గట్టి అభ్యంతరం, ఇది కోర్ వాళ్ల సరదా కోసమా అన్నది. ఆ క్లాసులో మొదట కూర్చునేది మనం కాదని నా అంచనా. హైదరాబాద్‌లో పుట్టి, ఇంగ్లీషు మీడియంలో చదివి, యాడీ ఫోన్లో మాట్లాడేది అర్థమై కూడా తిరిగి జవాబు తెలుగులో చెప్పే లంబాడా పిల్లలు ముందు వస్తరు. వాళ్ల వెనక బెంచీలో మనకు చోటుంటే చాలు. అక్కడ కొన్నాళ్లు కూర్చుని వచ్చినవాళ్లు 'ఢావ్లో' మీద రాసే సమీక్ష కోసం ఎదురుచూస్తున్నాను. అప్పటిదాకా మనం రాసే ప్రతి సమీక్షలో ఒక వాక్యం ఉంటే బాగుంటుంది: ఈ పుస్తకం వెనక ఉన్న భాష నాకు రాదు. అది వినయం కోసం కాదు, చదివేవాళ్లకు ఆ సమాచారం అవసరం.