గూటి కెమెరా వెనకున్న చేతులు

గుడ్లగూబ గూట్లో కెమెరా బిగించేవాళ్ల పనితనం తెరమీద కనపడదు. అదే వాళ్ల గొప్పతనం. అమెరికాలోని ఇండియానాలో, చెట్టుకు 30 అడుగుల పైన కట్టిన పెట్టెలో బార్డ్ ఔల్ అనే గుడ్లగూబల జంట కాపురాన్ని కార్నెల్ పక్షి పరిశోధనశాల వాళ్లు లోకానికి ప్రత్యక్షంగా చూపించారు. మగది నడిరాత్రి తెచ్చిన ఎలుకను తల్లి ముక్కుతో అందుకోవడం పరారుణ వెలుగులో ఎంతో వివరంగా కనిపించేది.

ఈ పక్షులు చలి పూర్తిగా తగ్గకముందే గుడ్లు పెడతాయి. తీగలు లాగడం, కోణం చూసుకోవడం అంతకుముందే అయిపోవాలి. ఆ తర్వాత కటకం మీద సాలీడు గూడు కట్టినా, ఉడుత తీగ కొరికినా చెట్టెక్కకూడదు. పొదిగే నెల రోజుల్లో తల్లి బెదిరి లేచిపోతే గుడ్లు చల్లబడిపోతాయి. బొమ్మ మసకబారిందని చూసేవాళ్లు ఎంత గోలపెట్టినా వీళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటారు. ఆ నిగ్రహానికి దణ్ణం పెట్టాలనిపిస్తుంది నాకు.

గుడ్లగూబ గూటి దగ్గరికి వెళ్లడంలో ప్రమాదమూ తక్కువేం కాదు. 1937లో వేల్స్‌లో టానీ ఔల్ గోళ్ల దెబ్బకు బ్రిటిష్ ఫొటోగ్రాఫర్ ఎరిక్ హాస్కింగ్ ఎడమ కన్ను పోగొట్టుకున్నాడు. మిగిలిన ఒక్క కంటితోనే ఆయన ఆ తర్వాత దశాబ్దాల తరబడి పక్షుల ఫొటోలు తీశాడు.