చంపాల్సి వచ్చిన వాళ్ల ముఖాలు

జాంబీకి మాట లేదు, మనసు లేదు. ఎదుట నిలబడ్డ నటుడికి అటునుంచి ఏ భావమూ అందదు. ఉన్నదంతా తానే పుట్టించుకోవాలి. 2010 అక్టోబరు 31న అమెరికాలో ఏఎంసీ చానెల్‌లో మొదలై, 2022 దాకా 177 ఎపిసోడ్లు నడిచిన జాంబీల సీరియల్ ‘ద వాకింగ్ డెడ్’ను ఆ విద్య కోసమే చూడాలంటాను.

తొలి ఎపిసోడ్‌లో మోర్గన్ పాత్రధారి లెనీ జేమ్స్ మేడమీద కిటికీ దగ్గర తుపాకీ గురిపెడతాడు. కింద వీధిలో తిరుగుతున్న శవం అతని భార్యే. ట్రిగ్గర్ నొక్కలేక కుమిలిపోతాడు. సీరియల్ మొత్తానికీ శ్రుతి అక్కడే కుదిరింది.

మెలిస్సా మెక్‌బ్రైడ్ చేసిన కరోల్, మొదట్లో మొగుడి చేత దెబ్బలు తినే బెదురు మనిషి. సీరియల్‌కు మూలమైన రాబర్ట్ కిర్క్‌మన్ కామిక్స్‌లో తొందరగానే చనిపోయే ఆ పాత్ర ఇక్కడ ఆఖరి ఎపిసోడ్ దాకా నిలిచింది. నాలుగో సీజన్‌లో ‘ద గ్రోవ్’ చూడండి. శవాలు తన నేస్తాలని నమ్మే లిజీ అనే పిల్ల, మళ్లీ లేచి వస్తుందిలే అని సొంత చెల్లెల్ని చంపేస్తుంది. ఇక ఆ పిల్లను ఎవరి పక్కనా ఉంచలేరు. కరోల్ ఆమెను చంపడానికి బయటికి తీసుకెళ్లి పువ్వుల్ని చూడమంటుంది. పిల్లకు వినబడే గొంతు ఒకటి, మనకు కనబడే ముఖం మరొకటి. గొంతులో లాలన, ముఖంలో నరకం. రెండూ ఒకే క్షణంలో పలికించడం మామూలు నటులకు చేతకాదు.

కథానాయకుడు రిక్‌గా ఆండ్రూ లింకన్ దారి వేరు. మూడో సీజన్‌లో భార్య ప్రసవంలో పోయిందని రిక్‌కు నోటితో ఎవరూ చెప్పరు. తన బృందంలోని మ్యాగీ చేతిలో పసిగుడ్డునూ కొడుకు ముఖాన్నీ చూసి గ్రహిస్తాడు. అక్కణ్నుంచి ఒళ్లే మాట్లాడుతుంది: నడుం వంగుతుంది, కాళ్లు సడలుతాయి, నేలకూలిపోతాడు. అదే బృందంలోని హెర్షెల్‌గా స్కాట్ విల్సన్ చేసింది ఇందుకు పూర్తిగా విరుద్ధం. మెడమీద శత్రువు కత్తి ఉండగా, మనుషులు మారగలరని రిక్ చెబుతుంటే విని, చిన్నగా నవ్వుతాడు. అంతే.

శవాల వేషగాళ్లనూ మరవకూడదు. మేకప్ నిపుణుడు గ్రెగ్ నికొటెరో బృందం వాళ్లకు నడక నేర్పడానికి ప్రత్యేకంగా బడే పెట్టింది. జార్జియా ఎండలో, ముఖాన రబ్బరు తొడుగుతో రోజంతా ఈడ్చుకుంటూ నడిచారు.

ఏడో సీజన్ తరవాత కథ సాగదీశారు, విలన్ నీగన్ ఉపన్యాసాలు విసిగించాయి, నిజమే. కానీ ఈ సీరియల్ మేకప్‌కు ఎమ్మీ అవార్డు ఇచ్చినవాళ్లు ‘ద గ్రోవ్’ వచ్చిన 2014లో మెక్‌బ్రైడ్‌ను కనీసం నామినేట్ కూడా చేయలేదు. జాంబీ కథల్లో నటన ఏముంటుందన్న చిన్నచూపే దానికి కారణమని నా నమ్మకం.