దామెర్ల స్కెచ్ పుస్తకాలు, అరకు ముఖాలు

అరకు సంతకు కాన్వాసు, రంగుల పెట్టె పట్టుకుని బయల్దేరే ప్రతి ఫైన్ ఆర్ట్స్ విద్యార్థికీ నేను చెప్పేది ఒకటే: ముందు రాజమండ్రిలో దిగి దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీ చూసి వెళ్లు.

రామారావు 1897లో రాజమండ్రిలో పుట్టాడు. అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే ఆ కుర్రాడి చేతివాటం గుర్తించి బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌కు దారి చూపించాడు. 1925 ఫిబ్రవరిలో మశూచికం సోకి పోయేనాటికి రామారావుకు ఇరవై ఎనిమిది కూడా నిండలేదు. ఆయన కళాజీవితమంటే చదువుకున్న కాలం, ఆపైన ఓ అయిదేళ్లు. అందుకే విద్యార్థులకు ఆయన అంత దగ్గరివాడు.

ఆ గ్యాలరీలో తైలవర్ణ చిత్రాలు, నీటిరంగుల చిత్రాలతో పాటు ఆయన పెన్సిల్ స్కెచ్‌లూ, స్కెచ్ పుస్తకాలూ ఉన్నాయి. అసలు పాఠం వాటిలోనే ఉందని నా నమ్మకం. చర్మం కింద ఎముక ఎక్కడ తిరుగుతుందో బొంబాయి చదువు నేర్పింది. గీతలోని లాలిత్యం అజంతా నుంచి వచ్చింది. అప్పట్లో మోజుగా ఉన్న బెంగాల్ వాష్ పద్ధతిలోని మసక ఆయన మనుషుల్ని కమ్మేయలేదు. తూర్పు కనుమల నడుమ గోదావరినీ ఆయన చిత్రించాడు. ఏది వేసినా ముందు చూపు, ఆ తర్వాతే రంగు.

అరకులో తడబడేది ఇక్కడే. శుక్రవారం సంతలో కూర్చున్న పోర్జ తెగ అవ్వ ముక్కు పోగులు, మెడలో పూసలు కుంచెను ఇట్టే లాగేస్తాయి. నగ వేయడం తేలిక, మెరుపు చుక్క పెడితే చాలు. ముఖం అలా చిక్కదు. తెలివైన విద్యార్థి ముందు స్కెచ్ పుస్తకం తీసి, అవ్వ బేరమాడుతున్నప్పుడు, నవ్వినప్పుడు, విసుక్కున్నప్పుడు పెదవి కొస ఎటు కదిలిందో నాలుగు గీతల్లో పట్టుకుంటాడు. తైలం సంగతి ఆ తర్వాత.

కాన్వాసు మీద తొలి పొర టర్పెంటైన్‌తో పల్చన చేసిన అంబర్. అది త్వరగా ఆరుతుంది, కింది పొరకు అదే కావాలి. కళ్లు సగం మూసి చూస్తే ముఖం రెండు మూడు వెలుగునీడల ముక్కలుగా విడిపోతుంది. ఆ ముక్కలు సరిగ్గా కుదిరితే కళ్లూ ముక్కూ దిద్దకముందే మనిషి పోలిక వచ్చేస్తుంది. పైకి వెళ్లేకొద్దీ లిన్సీడ్ నూనె పాలు పెరగాలి. తిరగబడితే, కింద నూనె పొర ఆరకముందే పైపొర బిగుసుకుని, కొన్నాళ్లకు బొమ్మ బీటలు వారుతుంది. వానాకాలం అరకు చెమ్మలో తైలం ఆరడం మరీ ఆలస్యం. తొందరపడేవాళ్లకు ఆ ఊరు పడదు.

నల్లని మేనిఛాయకు నల్లరంగు తీసేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. కాల్చిన సియెన్నాలో అల్ట్రామెరీన్ నీలం కలిపి చూడండి, ఎంత లోతైన నలుపు వస్తుందో, అందులో ఎంత ప్రాణం ఉంటుందో. ఆరుబయట నుదుటి మీద, చెంప ఎముక మీద ఆకాశపు నీలి మెరుపు పడుతుంది. చెవి తమ్మెలో, ముక్కుపుటం అంచులో ఎరుపు దాగి ఉంటుంది. కంటి తెలుపు కూడా తెలుపు కాదు, రెప్ప నీడలో అది బూడిద రంగే. తెల్లరంగు అక్కడ యథాతథంగా పెడితే ఆ చూపు బొమ్మ చూపైపోతుంది. కొండ మంచులో ముఖపు అంచులు మెత్తబడతాయి. అన్నిటినీ కరిగించకుండా ఒక్క దవడ గీతనైనా గట్టిగా నిలబెట్టేవాడి చేతిలో దామెర్ల చదువు ఉన్నట్టే.

ఒక్క మాట. మన ప్రదర్శనల్లో ఇలాంటి చిత్రాల కింద ‘గిరిజన స్త్రీ’ అని చీటీ కనిపిస్తుంది. అన్ని గంటలు ఎదురుగా కూర్చున్న మనిషికి ఒక పేరుంది. వేసేముందు ఆమెను అడగండి, ఆమె సరేనంటే బొమ్మ కింద ఆ పేరే రాయండి.