ఆట లేని మాసములు

2023 మార్చి 13వ తేదీ రాత్రి కలకత్తాలోని సాల్ట్ లేక్ క్రీడాంగణమున హైదరాబాద్ ఎఫ్‌సీ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ సెమీఫైనలులో ఓడిపోయినప్పుడు, దానిని పరాజయమని పిలుచుటకు నాకు నోరాడలేదు. అంతకు నాలుగు దినముల ముందు గచ్చిబౌలిలో జరిగిన తొలి పోటీలో ఇరుపక్షములకును గోలు లేదు. కలకత్తాలో 90 నిమిషములును, వానిపై పొడిగించిన 30 నిమిషములును గడచినను గోలు లేదు. ఒకరి ద్వారమును మరియొకరు భేదింపజాలక అంతసేపు నిలిచిన పిమ్మట పెనాల్టీలతో తీర్పు జరుగవలసివచ్చెను. మా సివేరియో తన్నిన బంతిని ఎదుటి గోలు కాపరి విశాల్ కైత్ ఆపెను; మా ఓగ్బెచె అంతటి గురికాడు తన్నిన బంతి స్తంభమునకు తగిలి మరలెను; తుదకు ప్రీతమ్ కోటల్ తన్నుతో 4-3గా ఏటీకే మోహన్ బగాన్ ఫైనలునకు చేరెను.

మరునాటినుండి మిత్రులందరును ఆ పెనాల్టీలను గూర్చియే మాటలాడిరి. ఎవరు ముందు తన్నవలసినది, ఎవరిని ఆఖరునకు దాచుకొనవలసినది అను చర్చ దినముల తరబడి సాగెను. నా మనస్సు మాత్రము ఏప్రిల్ మొదలు సెప్టెంబరు వరకు గల మాసములపై నిలిచినది. ఏలయన, ఇన్నేండ్లు ఈ ఆటను వెంబడించి చూచిన మీదట నాకు దృఢముగా తోచిన విషయ మొకటి కలదు: గెలుపోటములు మైదానమున తేలవచ్చును గాని, జట్టు నిలుచుటయు విరుగుటయు జరుగునది ఆట లేని ఆ మాసములలోనే. వేసవి దుక్కి దున్నని చేనికి తొలకరి ఎంత చక్కగా కురిసినను ఏమి ప్రయోజనమో, ఆ కాలమున పని జరుగని జట్టునకు ఎంతటి ప్రతిభ యున్నను అంతే ప్రయోజనము.

ఇందులకు నిదర్శనముగా అంతకు ముందటి వేసవినే చూడవచ్చును. 2019లో పుట్టి, తొలి యేట 18 పోటీలలో 10 పాయింట్లతో అట్టడుగున పడియున్న ఈ జట్టును 2020లో స్పెయిన్ దేశస్థుడైన మనోలో మార్కెజ్ చేపట్టి, 2022 మార్చిలో గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌పై గెలిపించి లీగ్ విజేతగా నిలిపెను. ఆనాడు లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలను ఆపిన తీరును చూచినవారు మరువజాలరు. అయితే పెద్ద గెలుపు వచ్చిన ప్రతి జట్టునకును వెనువెంట వచ్చు బెడద యొకటి కలదు; దాని ఆటగాండ్రపై అందరి కన్నును పడును. కుడివైపు రక్షకుడు ఆశిష్ రాయ్‌ని మోహన్ బగాన్ తీసికొనిపోయెను. మధ్య వరుసలోని సౌవిక్ చక్రబర్తి ఈస్ట్ బెంగాల్ చేరెను. మార్కెజ్ అనుభవజ్ఞుడైన రీగన్ సింగ్‌ను తెచ్చుకొనుటయే గాక, అంతవరకు ముందు వరుసలో కుడి అంచున పరుగులు తీయుచుండిన నిఖిల్ పూజారిని వెనుకకు దించి రక్షకునిగా మలచెను.

వినుటకు ఇది స్వల్పముగా తోచును. ముందు వరుసవాడు బంతిని అందుకొనునప్పుడు చూపు గోలుపై నుండును, తొలి యడుగు ముందునకు పడును. రక్షకుడు నేర్వవలసినది దీనికి సరిగా విపర్యయము. ప్రత్యర్థి బంతితో తనపైకి వచ్చునప్పుడు ఎదురేగి కాలు చాపరాదు. దేహమును ఒక ప్రక్కకు త్రిప్పి, మునివేళ్లపై నిలిచి, చిన్న చిన్న అడుగులతో వెనుకకు జరుగుచు, వానిని లోపలికి రానీయక గీత వైపునకే నెట్టుకొనిపోవలెను. అదే క్షణమున భుజము మీదుగా చూచి తన వెనుక ఎవడు దూరుచున్నాడో ఎరిగియుండవలెను. చిన్ననాటినుండి కాళ్లకు అలవడిన స్వభావమును మార్చి, తొందరపాటు స్థానమున ఓరిమిని నాటుట ఒక వారములో జరుగునది కాదు. పోటీలు నడచుచున్నప్పుడు ఆటకును ఆటకును నడుమ ప్రయాణము, ఒళ్లునొప్పులు, విశ్రాంతి, మరునాటి ప్రత్యర్థిని గూర్చిన ఆలోచన; నేర్పుటకు గాని నేర్చుటకు గాని తీరిక యెక్కడిది? తప్పు చేసినను ఎవరును లెక్కింపని వేసవి శిబిరముననే అది సాధ్యము. ఆ సీజనున గచ్చిబౌలిలో నేను తరచు బంతిని వదలి పూజారి పాదములనే చూచుచుంటిని. ఆ వెనుకడుగులలో ఒక ఉపాధ్యాయుని వేసవి యంతయు నాకు కనబడెడిది. ఇద్దరు ముఖ్యులు పోయినను ఆ యేడు జట్టు 20 పోటీలలో 42 పాయింట్లు గడించి పట్టికలో రెండవ స్థానమున నిలిచినదన్నచో, అందులకు మూలము గురువు వెళ్లక నిలిచియుండుటయే.

అట్టి జట్టునకు 2023 వేసవి వచ్చెను. మార్కెజ్ ఎఫ్‌సీ గోవాకు వెడలెను. రక్షణకు వెన్నెముకయైన ఒదేయ్ ఒనైందియా ఆయన వెంటనే అచ్చటికే చేరెను. పద్దెనిమిదవ యేట ఇచ్చట అడుగుపెట్టి, ఇచ్చటనే ఆడి భారత జట్టునకు ఎదిగిన ఆకాశ్ మిశ్రా ముంబయి సిటీకి పోయెను. సివేరియో, బోర్హా హెరెరాలు ఈస్ట్ బెంగాల్‌కును, హలిచరణ్ నర్జారీ, రోహిత్ దానూలు బెంగళూరునకును తరలిరి. ఓగ్బెచెయు నిలువలేదు. వెళ్లినవారిని నేను నిందింపను; ఆటగాని ప్రాయము పదిపదునైదేండ్ల వ్యవహారము, తన యోగక్షేమములను తాను చూచుకొనక తప్పదు. కాని ఒక్క వేసవిలో గురువును, శిష్యులలో సగమువరకును పోయిన పిమ్మట మిగులునది జట్టు కాదు, జట్టు పేరు మాత్రమే.

ఆ వేసవిలోనే మరియొక సంగతి జరిగినది, దానిని తలచినప్పుడెల్ల నా మనస్సు కలతపడును. మే 3వ తేదీన ఏఎఫ్‌సీ కప్ అర్హతకై కోజికోడ్‌లో పోటీ ఆడుచుండగా, రక్షకుడు చింగ్లెన్‌సనా సింగ్ స్వస్థలమైన మణిపురమున అల్లర్లు చెలరేగి, చురచందపూర్ ప్రాంతమున ఆయన కష్టార్జితముతో కట్టుకొన్న ఇల్లును, కట్టించిన చిన్న ఫుట్‌బాల్ మైదానమును అగ్నికి ఆహుతియయ్యెను. కుటుంబము ప్రాణములతో బయటపడినది. ఆ మనిషి మరల బూట్లు కట్టుకొని మైదానమునకు వచ్చెను. ఆట లేని మాసము లనగా ఆటగానికి విశ్రాంతియని మనము తేలికగా అనుకొందుము. అది అతడు తన ఇంటికి, తన కష్టములకు మరలిపోవు కాలము. ఆ కాలమున జట్టు అతని వెంట నున్నదా లేదా అనునది, రాబోవు సీజనున అతడు తొంబదవ నిమిషమున జట్టుకొరకు పరుగెత్తునా లేదా అనుదానితో ముడివడియే యుండును.

వెళ్లినవారి స్థానమున క్రొత్తవారిని నిలుపుటకు ద్రవ్యము కావలెను; ద్రవ్యముకన్న ముందు మాట నిలకడ కావలెను. ఆటగాండ్రకు చెల్లింపవలసిన బాకీని గూర్చి తీర్పు వచ్చియు చెల్లింపని క్లబ్బు క్రొత్తవారిని నమోదు చేసికొనరాదని అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్యయైన ఫిఫా నియమము. హైదరాబాద్ ఎఫ్‌సీపై అట్టి నిషేధములు పడెను. జీతములు అందలేదన్న మొర సీజను పొడవునను వినవచ్చెను. జనవరి నాటికి విదేశీయులలో జావో విక్టర్ ఒక్కడే మిగిలెను. తాంగ్‌బోయ్ సింగ్తో శిక్షణలో కుర్రవాండ్రు, అనుభవము చాలని చేతులతో, పెద్ద జట్ల నెదిరించి వారము వారము ఓడుచునే యాడిరి. 22 పోటీలలో గెలిచినది ఒక్కటి, చెన్నయిన్ జట్టుపై 1-0గా. మొత్తము 8 పాయింట్లు. ఆ ఒక్క గెలుపు ఫటోర్డా విజయముకన్న నా దృష్టిలో తక్కువది కాదు. జీతము చేతికి వచ్చునో రాదో యెరుగని పిల్లలు సంపాదించిన గెలుపు అది.

జీతము మాట వచ్చినది గావున ఈ నగరపు పూర్వచరిత్రను తలపక తప్పదు. 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టును గూర్చి మాటలాడునప్పుడు అందరును సయ్యద్ అబ్దుల్ రహీమ్ మేధను కొనియాడుదురు, కొనియాడదగినదే. 1951, 1962 ఏషియా క్రీడలలో భారతమునకు స్వర్ణములు తెచ్చి, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో జట్టును నాలుగవ స్థానమునకు చేర్చిన ఉపాధ్యాయుడాయన. కాని ఆ మేధ వేరూనిన నేలను గూర్చి చెప్పువారు తక్కువ. ఆ ఆటగాండ్రు పోలీసు శాఖ ఉద్యోగులు. ఆట యున్నను లేకున్నను నెల తిరుగునప్పటికి జీతము వచ్చెడిది, ఇంటిలో పొయ్యి వెలిగెడిది, అందుచేత వారు ఒకే గురువు కడ ఏండ్ల తరబడి కలిసి యాడగలిగిరి. రహీమ్ సాహెబు కుర్రవాండ్రకు బలహీనమైన కాలితోనే ఆడవలెనను పందెములును, బంతిని ఒంటరిగా నడిపించుకొనిపోరాదను పందెములును పెట్టెడివాడు. కప్పుకొరకు గాక కాలికొరకు ఆడించిన ఆటలవి.

వలసపోవుటయు ఈ నగరమునకు క్రొత్త గాదు. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడ కుర్రవాడు తులసీదాస్ బలరామ్, రాకపోకలకు రహీమ్ సాహెబు సైకిలు వసతి కల్పించి మరీ పైకి తెచ్చినవాడు, ఒలింపియనై తుదకు కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెడలెను. మహమ్మద్ హబీబ్ అదే త్రోవన పోయి, 1977లో మోహన్ బగాన్ పక్షమున పెలే కాస్మోస్ జట్టుతో 2-2గా సరిసమముగా ఆడెను. బలరామ్ 2023 ఫిబ్రవరి 16న కలకత్తాలో కన్నుమూసెను, ఆ సెమీఫైనలునకు నెలరోజులైనను లేదు. హబీబ్ ఆ యేడే ఆగస్టు 15న హైదరాబాదులో మరణించెను, క్లబ్బు చెదరిపోవుచున్న ఆ దినములలోనే. ఆనాడు కలకత్తా మనవారిని ఎందరిని తీసికొనిపోయినను ఇచ్చట ఊట తగ్గలేదు, బస్తీ బస్తీకి ఒక మైదానము, మైదానమునకొక గురువు ఉండెను గనుక. నేడు ఒక క్లబ్బు పోయినచో మనకు మిగులున దేమి? 2025లో ఆ క్లబ్బు చేతులు మారి, పేరు మారి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీయై రాజధానికి తరలిపోయినప్పుడు ఈ ప్రశ్న నన్ను నిద్రపోనీయలేదు.

ఆశకు చోటు లేదనను. 2022-23లో హైదరాబాద్ ఎఫ్‌సీ పై లీగులో రెండవది కాగా, ఐ-లీగులో ఈ నగరపు మరియొక జట్టు శ్రీనిధి దక్కన్ సయితము రెండవదయ్యెను. మరు సంవత్సరము శ్రీనిధి మరల అదే స్థానమును నిలుపుకొనెను. 2024 సెప్టెంబరులో మార్కెజ్ భారత జట్టు గురువుగా గచ్చిబౌలికి తిరిగివచ్చెను. ఆ యేటి డిసెంబరు 31న బెంగాల్, కేరళల సంతోష్ ట్రోఫీ ఫైనలు అచ్చటనే జరిగెను. మైదానము మనది, చూచు జనము మనవారు. ఆడినవారిలో మనవారు లేరు.

మా పేటలోని పాఠశాల మైదానమున సాయంకాలము పిల్లలకు బంతి నేర్పు విశ్రాంత రైల్వే ఉద్యోగి యొకరు కలరు. వేసవి సెలవులు వచ్చినవనగానే ఆయన పోటీలన్నియు మానిపించి, కుడికాలి వాటము పిల్లలచేత కుడి బూటు విప్పించును. మొన్న ఒక పిల్లవాడు, "సార్, ఎడమకాలితోని వస్తలేదు సార్" అని మొగము ముడుచుకొనగా, ఆయన వాని కాలిని రెండు చేతులతో పట్టుకొని, బంతికి మడమ కాదు, పాదపు లోపలి ఎముక తగులవలెనని చూపించి, "రానిదే ఇప్పుడు నేర్చుకోవాలె బిడ్డా, వచ్చింది మ్యాచ్‌ల చూపెడుదువు తియ్" అనెను. పొద్దు గ్రుంకువరకు ఆ పిల్లవాడు గోడకు బంతిని కొట్టుచునే యుండెను. పదింట నాలుగు తిన్నగా తిరిగివచ్చుచుండెను.

రేపు మరియొక శ్రీమంతుడు మరియొక జట్టును ఈ నగరమునకు తేవచ్చును, తేవలయుననియే నా కోరిక. తొలి పోటీకి ముందు వారు వెలువరించు ప్రకటనలో విదేశీ గోలు వీరుని ఛాయాచిత్రమును నేను వెదకను. నడిచిపోయిన సీజను జీతములు ఏ నెలవరకు చెల్లించితిరి, గురువుతో ఎన్నేండ్లకు ఒప్పందము చేసికొంటిరి, ఈ వేసవిలో తెలుగు జిల్లాల పిల్లలను ఎందరిని శిబిరమునకు పిలిచితిరి అని వెదకుదును. ఆ వివరము లుండెనేని, సీజను టికెట్టును నేను పోటీల పట్టిక రాకముందే కొందును.