చప్పుళ్లు లెక్కపెట్టే విద్య

బొర్రా గుహల నుంచి కటికి జలపాతం వైపు జీపులో వెళ్లినవాళ్లకు ఆ దారి గుర్తుండే ఉంటుంది. ఒక వెనక చక్రం బండరాయి ఎక్కుతుంటే రెండోది గాలిలోకి లేస్తుంది. గిర్రున తిరుగుతూ ఉన్న ఆ చక్రం ఒక్కసారిగా రాయి మీద పడి పట్టు దొరకబుచ్చుకుంటుంది. వెనక కూర్చున్నవాళ్లకు అదొక కుదుపు, అంతే. కానీ ఇంజను బలం, తిరుగుతున్న చక్రం ఊపు కలిసి ఆ క్షణంలో వెనక ఇరుసు హౌసింగ్ లోపలి రెండు మూడు గేరు పళ్ల మీద, అంగుళం పైచిలుకు లావున్న ఒక యాక్సిల్ రాడ్డు మీద పడతాయి. కొండదారి బండ్లలో వెనక భాగం విరిగేది ఎక్కువగా అక్కడే, అలాగే.

విరిగాక జరిగే తంతు కూడా చాలాచోట్ల ఒకటే. “హౌసింగ్ పోయింది సార్, సెట్టు మార్చేద్దాం” అంటారు. విప్పుతారు, పాతవి గోనెసంచిలో పడేస్తారు, కొత్త క్రౌన్‌, పినియన్ బిగిస్తారు. ఏది పోయిందో చూశారు గాని ఎందుకు పోయిందో చూడలేదు. కొన్నాళ్లకు కొత్తదీ అదే దారి పడుతుంది. బాడుగ జీపు మీద బతికే డ్రైవరుకు అది ఒక సీజను సంపాదన. అందుకే విప్పకముందు చేసే పరీక్ష మీద నాకింత పట్టుదల. స్పానరు చేతపట్టకముందే రోగం చాలావరకు తెలిసిపోతుంది.

లోపల ఏముందో మనసులో బొమ్మ కట్టుకుంటేనే చెవి పనిచేస్తుంది. ఎడ్లబండికి ఈ గొడవ లేదు. ఏ చక్రం దారి దానిది, ఇరుసు ఊరికే మోస్తుంది. ఇంజను బలం రెండు చక్రాలకూ అందాలి, మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి అన్నప్పుడే చిక్కు వచ్చింది. 1827లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల పనివాడు ఆవిరి బండి కోసం ఆ చిక్కు విప్పాడు. ఇవాళ్టి జీపులోనూ ఉన్నది ఆ ఏర్పాటే. ప్రొపెల్లర్ షాఫ్టు కొసన ఉన్న చిన్న పినియన్ పెద్ద క్రౌన్‌ని తిప్పుతుంది. క్రౌన్‌కి బిగించిన గూడులో స్టార్ గేర్లు, వాటికి అటూ ఇటూ సన్ గేర్లు, అక్కణ్నుంచి చక్రాలకు యాక్సిల్ రాడ్లు. తిన్నగా పోతున్నప్పుడు స్టార్ గేర్లు తమ పిన్ను మీద తిరగవు, గూడుతో కలిసి పోతాయంతే. మలుపు తిరిగినప్పుడు, లేదా ఒక చక్రం జారినప్పుడు మాత్రమే వాటికి పని. కాబట్టి తిన్నటి రోడ్డు మీద నోరెత్తని బండి, మలుపులో మాత్రం వెనక టక్కుటక్కుమంటే ముందు అనుమానించాల్సింది స్టార్ గేర్లనూ వాటి పిన్నునూ.

ఇక లెక్క. పాత జీపుల్లో తరచుగా కనిపించే జత 43 పళ్ల క్రౌన్, 8 పళ్ల పినియన్. అంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ప్రొపెల్లర్ ఐదు చుట్లు పూర్తిచేసి ఆరో చుట్టులో మూడోవంతు దాటుతుంది. పదహారు అంగుళాల రిమ్ముకు వేసే మామూలు జీపు టైరు ఒక చుట్టుకు దాదాపు 2.2 మీటర్లు నడుస్తుంది. ఇంజను ఆపి, బండిని న్యూట్రల్‌లో పెట్టి, చదునైన చోట మెల్లగా తోయించండి. పక్కన నడుస్తూ వినండి. రెండు మీటర్ల పైచిలుకుకు ఒక్క దెబ్బ వినిపిస్తే తప్పు క్రౌన్ పంటిలోనో, చక్రంతో సమానంగా తిరిగే మరో భాగంలోనో ఉంది. మూరెడుకొక దెబ్బ పడుతుంటే పినియన్ దగ్గరో, ప్రొపెల్లర్ మీదో వెతకాలి.

గాజువాకలో ఒక షెడ్డులో పెద్దాయన తన దగ్గర పని నేర్చుకునే కుర్రాడి చేత ఇదే చేయించడం చూశాను. టైరు మీద సుద్దముక్కతో గీత గీయించి, నేల మీద చెవి పెట్టినంత పని చేయించాడు.

“ఏట్రా, ఎన్ని లెక్కెట్టేవు?”

“చక్రం ఒక చుట్టుకి అయిదు పడతన్నాయి మేస్త్రీ. ఆరోది పడీలోగా గీత కిందికొచ్చేస్తంది.”

“అయితే క్రౌన్ జోలికెళ్లకు. కిందికి దూరి ముందు జాయింటు ఊపి చూడు.”

కుర్రాడు దూరాడు. ప్రొపెల్లర్ జాయింటు క్రాసు కప్పు అంచున ఎర్రటి పొడి అంటుకుని ఉంది. గ్రీజు ఎండిపోయి లోపలి సూది బేరింగులు అరిగి రాల్చిన తుప్పు అది. హౌసింగ్ ముట్టకుండానే పని తేలిపోయింది. అప్పటికే సెట్టు మార్పించడానికి డబ్బు సర్దుకొచ్చిన ఆ డ్రైవరు ముఖం వెలిగిపోవడం చూశాక ఈ విద్య విలువ నాకు ఇంకెవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఆ పళ్ల లెక్కలో ఇంకో సంగతి దాగుంది. 8కీ 43కీ ఒకటి తప్ప ఉమ్మడి భాజకం లేదు. అందువల్ల పినియన్ మీది ప్రతి పన్నూ వంతులవారీగా క్రౌన్ మీది ప్రతి పంటినీ కలుస్తుంది. అరుగుదల సమంగా ఉండాలని కావాలనే అలా పెడతారు. కానీ పినియన్ పన్ను ఒకటి చిట్లిందంటే అదే ఏర్పాటు ఎదురు తిరుగుతుంది. ఎనిమిది చక్రపు చుట్లలో, అంటే పద్దెనిమిది మీటర్ల లోపే, ఆ చిట్లిన పన్ను 43 పళ్లనూ ముట్టి వస్తుంది. “ఒక్క పన్నే కదా, పాడేరు దాకా పోనిద్దాం” అనడం ఎంత నష్టమో దీన్నిబట్టి చూసుకోవచ్చు. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో జతగా నూరుకుని వస్తాయి, కాబట్టి ఒకటి పోతే రెండూ మార్చాల్సిందే.

దెబ్బ కాక మోత వస్తుంటే పరీక్ష రోడ్డు మీదే. యాక్సిలరేటరు తొక్కినప్పుడు ఊళపెట్టి వదలగానే ఆగితే పళ్లలో ముందుకు తోసే వైపు చూడాలి. వదిలినప్పుడే ఊళపెడితే రెండో వైపు. తొక్కినా వదిలినా ఒకేలా గరగరమంటుంటే బేరింగులు. స్టీరింగ్ అటూ ఇటూ తిప్పినప్పుడు ఆ గరగర పెరిగి తగ్గుతుంటే చక్రం బేరింగు. ఈమధ్య ఎవరైనా పినియన్ ఆయిల్ సీలు మార్చారా అని తప్పక అడగాలి. అప్పుడు విప్పిన పినియన్ నట్టును కొలత లేకుండా బిగించడం వల్ల మొదలైన మోతలు తక్కువేం కాదు.

చక్రం కదలక ప్రొపెల్లర్ మాత్రం తిరుగుతుంటే యాక్సిల్ రాడ్డును అనుమానించాలి. ముందు చక్రాలకు అడ్డుపెట్టి, వెనక రెండు చక్రాలూ లేపి, జాకీ మీద కాకుండా స్టాండ్ల మీద నిలబెట్టి, గేరు వేసి ఉంచి ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పాలి. రెండోది వెనక్కి తిరగాలి. తిరగకపోతే రాడ్డో, స్టార్ గేర్లో పోయినట్టు. లిమిటెడ్ స్లిప్ ఉన్న బండికి ఈ పరీక్ష ఇలా పనికిరాదు. ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఫోర్ వీల్ వేసుకుంటే ముందు చక్రాల మీద ఇంటికి చేరొచ్చని కొందరు ధైర్యం చెబుతారు. చాలా జీపుల్లో వెనక చక్రాన్ని పట్టుకుని ఉంచేది ఆ రాడ్డే. అది విరిగితే చక్రం మొత్తం ఊడి బయటికి రావచ్చు. ఘాట్ రోడ్డులో అది ప్రాణాలతో చెలగాటం.

వాగు దాటిన బండికి ముందు ఆయిల్ చూడాలి. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. పైన బ్రీదర్ మట్టితో పూడుకుపోయి ఉంటే సీళ్ల సందుల్లోంచి నీళ్లు లాగుతుంది. ప్లగ్గు తీస్తే నల్లగా రావాల్సిన గేర్ ఆయిల్ పాలు కలిపిన కాఫీలా వస్తుంది. ప్లగ్గు అయస్కాంతానికి అంటిన మెత్తటి బూడిదరంగు ముద్ద మామూలే. పొలుసులు కనిపిస్తే బేరింగు రేసు లేస్తోంది. గోరు తగిలేంత ముక్కలుంటే ఇక కవరు విప్పక తప్పదు.

విప్పాక నేను ముందు చూసేది విరిగిన రాడ్డు ముఖం. అంచుదాకా అంతా గరుకుగా, కొత్త ఇనుములా మెరుస్తుంటే ఒక్క దెబ్బకు తెగినట్టు. అలాకాక ఒక పక్క నునుపుగా, నల్లబడి, గట్ల గట్ల చారలు ఉండి, మిగతాది మాత్రమే మెరుస్తుంటే, పగులు ఎప్పుడో మొదలై రోజూ కొంచెం కొంచెం పాకి చివరికి తెగింది. మొదటిదానికి ఆ రోజు నడిపిన తీరు కారణం కావచ్చు. రెండోదానికి మోసిన బరువు, వంగిన హౌసింగ్, అరిగిన బేరింగు కారణాలు. హౌసింగ్ వంగిందేమో చూడకుండా కొత్త రాడ్డు వేస్తే డబ్బు కొండమీద పారబోసినట్టే. రాడ్డు పళ్లు మెలితిరిగి ఉంటే అది తెగకముందే చాలాసార్లు మితిమీరిన బలం తిన్నదని గుర్తు.

రివర్సు గేరు సంగతి కూడా డ్రైవర్లతో మాట్లాడాలి. రాయికి ఇరుక్కున్నప్పుడు లో రేంజిలో రివర్సు వేసి బలంగా లాగడం అందరికీ అలవాటు. వెనక్కి లాగేటప్పుడు భారమంతా పంటికి బలహీనమైన వైపు పడుతుంది, గేరు కూడా అన్నిటికన్నా బలమైనది. ఒక నిమిషం దిగి చక్రం కింద రాయి పేర్చి, మెల్లగా కదిలిస్తే ఆ పళ్లు బతుకుతాయి.

కొత్త జత బిగించాక మేస్త్రీ పళ్లకు రంగు పూసి, తిప్పి, అచ్చు ఎక్కడ పడిందో యజమానికి చూపించాలని నా కోరిక. అది పంటి నడిమధ్య పడాలి. పళ్ల మధ్య ప్లే కూడా డయల్ గేజితో చూడాలి. ఈ తరహా హౌసింగుల్లో 0.13 నుంచి 0.25 మిల్లీమీటర్ల దాకా ఉండొచ్చు, చేత్తో ఊపి చెప్పేది కాదు. మొదటి ప్రయాణం బరువు లేకుండా కొద్దిదూరం పోయి, ఆగి, హౌసింగ్ చల్లారేదాకా కూర్చోవాలి. మళ్లీ కొద్దిదూరం, మళ్లీ ఆగాలి. కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత ఆ ఆయిల్ దింపేసి, అయస్కాంతం తుడిచి చూసి, కొత్త ఆయిల్ పోయాలి. జనాన్ని ఎక్కించుకుని కటికి దారి పట్టడం ఆ తర్వాతే.